గొదార్ ‘ఇస్త్వార్ దు సినెమా’: నాలుగున్నర గంటలు కూర్చోవడం దండగా?

గోదారి_గట్టు
మొన్న ఆదివారం భోజనం చేసి ఫ్రెంచ్ డైరెక్టర్ గొదార్ తీసిన ‘ఇస్త్వార్ దు సినెమా’ పెట్టుకున్నాను. మొదటి భాగం 51 నిమిషాలు ఓపిగ్గా చూశాను. రెండోది సగంలో ఆపేశాను. సినిమా చరిత్ర మీద ఇంతకు మించింది లేదని ఎవరో రాస్తే నమ్మి కూర్చున్నవాణ్ని నేను. లూమియేర్ సోదరుల దగ్గర మొదలెట్టి మూకీ, టాకీ, రంగులు అంటూ వరసగా చెబుతాడనుకున్నా. తారీఖుల ఊసే లేదు. కనబడుతున్న ముక్క ఏ సినిమాలోదో కింద వేయడు. పెద్దాయన చుట్ట నోట్లో పెట్టుకుని ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ ముందు కూర్చుంటాడు. అది టకటకమంటూ ఉండగానే ఎవరిదో ఏడుపు, దాని మీద ఇంకెవరిదో పాట, రెంటి మీదా ఇంతేసి తెల్లక్షరాలు, వెనక ఆయన గొణుగుడు. సబ్‌టైటిల్స్ ఒక గొంతుకే వస్తాయి, మిగతా మూడూ గాలికి పోతాయి. నాకు బుర్ర తక్కువా, లేక ఇది ఉత్త డాబా? మొహమాటం లేకుండా చెప్పండి.

సెకండ్‌షో_సుబ్బు
రెండూ అయ్యుండొచ్చు. ఒకటుంటే ఇంకోటి ఉండకూడదని రూలేం లేదు.

డల్లాస్_బాబాయ్
హైస్కూల్లో ఉన్న మా వాడు పది నిమిషాలు నా పక్కన కూర్చుని “నాన్నా, ఈయన రీల్స్ స్క్రోల్ చేస్తున్నాడా?” అని లేచి వెళ్లిపోయాడు.

నీలి_తెర
గట్టు గారూ, పాఠం వింటామని కూర్చుంటే ఎవరికైనా విసుగే. ఇది ఎలా పుట్టిందో చెబుతాను, కొంత దారి దొరుకుతుందేమో.

పారిస్‌లో సినిమాతెక్ (పాత సినిమాలు దాచి, ఆడించే చోటు) నడిపిన అన్రీ లాంగ్లొవా అని ఒకాయన ఉండేవాడు. గొదార్, త్రూఫోల తరం సినిమా నేర్చుకున్నది ఆయన వేసే ఆటల్లోనే. దేశం, కాలం పట్టించుకోకుండా ఒక మూకీ పక్కన ఒక హాలీవుడ్ సినిమా, దాని పక్కన ఒక రష్యన్ సినిమా వేసేవాడు. మాంట్రియల్‌లో పాఠాలు కూడా చెప్పేవాడు. 1977లో ఆయన పోయాక ఆ పని గొదార్‌కి వచ్చింది. 1978లో వెళ్లి ఈయన ఏం చేశాడంటే, తన సినిమా ఒకటి వేయడం, దానికి తోడు పాత సినిమాల రీళ్లు కొన్ని వేయడం, రెంటికీ మధ్య తనకి కనబడ్డది పిల్లలతో మాట్లాడటం. ఆ మాటలు 1980లో పుస్తకంగా వచ్చాయి. కానీ నోటితో చెబితే చాలదు, సినిమా గురించి సినిమాతోనే చెప్పాలన్నది ఆయన పట్టు. రెండు బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంటూ ఆలోచించాలంటే ఫిల్ముతో బోలెడు ఖర్చు. వీడియోతో ఇంట్లోనే అయిపోతుంది. స్విట్జర్లాండ్‌లో రోల్ అనే చిన్న ఊళ్లో కూర్చుని, తన దగ్గరున్న క్యాసెట్లతో 1988 నుంచి 1998 దాకా చేశాడు. మొత్తం నాలుగు జతలుగా ఎనిమిది భాగాలు (1ఏ, 1బీ నుంచి 4బీ దాకా), 266 నిమిషాలు. మొదటి రెండూ 1989లో ఫ్రెంచ్ టీవీలో వచ్చాయి.

కాబట్టి దీన్ని చరిత్ర అనేకంటే, సినిమాలు చూసి చూసి తల నిండిపోయిన మనిషి జ్ఞాపకం అనుకుని చూడండి. జ్ఞాపకంలో పేర్లు, తారీఖులు కింద పడవు కదా.

సెకండ్‌షో_సుబ్బు
టీవీలోనా? మధ్యలో యాడ్స్ వేస్తే జనం అదీ సినిమాలో భాగమే అనుకుని ఉంటారు.

అర్ధరాత్రి_ఆట
నీలి గారి మాట వినడానికి బావుంది కానీ ఇదో తప్పించుకునే దారి. జ్ఞాపకం అనేస్తే ఇక ఏ ప్రశ్నా అడగక్కర్లేదు. లాంగ్లొవా తెలియాలి, ఫ్రెంచ్ రావాలి, వాళ్ల కవి బోద్లేర్‌ని చదివుండాలి, ఇటలీ గోడల మీద బొమ్మలు గుర్తుపట్టాలి. అప్పుడు గానీ రసం దొరకదు. లైబ్రరీలో పెరిగినవాళ్ల కోసం లైబ్రరీలో పెరిగినవాడు తీసుకున్నది. నాలాంటోడు టికెట్ కొని లోపలికొచ్చాక గేటు దగ్గర ఎంట్రన్స్ పరీక్ష పెట్టినట్టుంటుంది.

బెంచీ_టికెట్
+1. మా ఊళ్లో అయితే కుర్చీలు విరిగేవి.

ఎడిటింగ్_గది
పన్నెండేళ్లుగా ఎడిటింగ్‌లోనే ఉన్నాను, ఎక్కువగా సీరియళ్లు, అప్పుడప్పుడు సినిమా. నాకు ఫ్రెంచ్ రాదు, బోద్లేర్ చదవలేదు. అయినా మొదటి భాగం చివర్లో ఒక నిమిషం పాటు జరిగేది చూసి కుర్చీలోంచి లేవలేదు. అది మాత్రం రాస్తాను, మిగతాది మీ ఇష్టం.

జార్జ్ స్టీవెన్స్ అని హాలీవుడ్ డైరెక్టర్. యుద్ధంలో అమెరికన్ ఆర్మీకి కెమెరా యూనిట్ నడిపాడు. 1945లో నాజీ క్యాంపులు తెరిచినప్పుడు శవాల గుట్టల్ని 16 ఎం.ఎం. రంగుల ఫిల్ము మీద తీశాడు. ఇంటికొచ్చాక, 1951లో ఎలిజబెత్ టేలర్‌తో ‘ఎ ప్లేస్ ఇన్ ద సన్’ తీశాడు. ఈ రెండు ముక్కల్నీ గొదార్ పక్కపక్కన పెట్టాడు. ఇటు రైలు పెట్టెలో శవాలు, అటు సరస్సు ఒడ్డున ప్రియుడి తల ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్న టేలర్. రెండూ చూసింది ఒకే మనిషి కన్ను. ఆ శవాలు చూసి రాకపోతే ఈ పిల్ల మొహంలో అంత సంతోషం పట్టుకోగలిగేవాడు కాదంటాడు గొదార్.

అక్కడితో ఆగలేదు. పాతకాలపు ఇటలీ చిత్రకారుడు జొత్తో గీసిన మగ్దలేన మరియ బొమ్మ తెచ్చాడు. పాదువాలో చర్చి గోడ మీద ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని క్రీస్తు వైపు చేతులు చాస్తుంటుంది. ఆ బొమ్మని తొంభై డిగ్రీలు అడ్డంగా తిప్పేశాడు. దాంతో ఆమె నేల మీద నుంచి కాక పైనుంచి దిగుతున్న దేవతలా చేతులు కిందకి చాస్తుంది. ఆ చేతుల కింద టేలర్ నీళ్లలోంచి లేస్తుంది. మేం రోజూ సీరియల్లో అత్తగారి మొహం మూడుసార్లు రిపీట్ చేయడానికి వాడే సామాను కంటే పెద్దదేం లేదు ఆయన దగ్గర. ఒక సూపర్ (బొమ్మ మీద బొమ్మ), ఒక రొటేట్. అదీ వీడియో మిక్సర్ మీద.

నీలి_తెర
👏 నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే.

అర్ధరాత్రి_ఆట
గది అన్నా, ఆ ముక్క గొప్పదే, ఒప్పుకుంటా. కానీ అందులోనే నా ఫిర్యాదు కూడా ఉంది. ఆ చోట ఆయన గొంతు ఏమంటోందో విన్నారా? స్టీవెన్స్ ఆష్విట్జ్, రావెన్స్‌బ్రూక్ క్యాంపుల్లో తీశాడంటుంది. స్టీవెన్స్ వెళ్లింది డాకావ్‌కి. ఆ రెండు క్యాంపులూ చేరింది సోవియట్ సైన్యం. నాలుగున్నర గంటల సినిమాకి అదే గుండెకాయ అంటున్నారు, ఆ గుండెకాయలోనే ఊరి పేర్లు తప్పు. ఇదే తప్పు యూట్యూబ్‌లో ఎవడో కుర్రాడు చేస్తే కామెంట్లలో చీల్చి చెండాడేవాళ్లం.

గోదారి_గట్టు
ఇది నాకు తెలియదు. అంత పెద్ద పొరపాటు ఎవరూ దిద్దలేదా?

నీలి_తెర
తప్పు తప్పే, అందులో వాదన లేదు. కానీ దాంతో ఆ ముక్క కూలిపోతుందంటే ఒప్పుకోను. డాకావ్ అని పెట్టి చదువుకున్నా వాదన అలాగే నిలబడుతుంది.

అర్ధరాత్రి_ఆట
నిలబడదు. ఏ క్యాంపయినా ఒకటే అన్నట్టు మాట్లాడటమే నాకు నచ్చనిది. డాకావ్ వేరు, ఆష్విట్జ్ వేరు, చచ్చినవాళ్ల లెక్కలు వేరు, తీరు వేరు. పైగా చివర్లో పునరుత్థానం బొమ్మ తెచ్చి అతికించాడు. యూదుల శవాల మీద క్రైస్తవ ఓదార్పు. ఇదేం న్యాయం?

ఇంకోటి కూడా గుర్తుచేసుకోండి. క్లోద్ లాన్జ్‌మన్ 1985లో ‘షోవా’ తీశాడు, తొమ్మిది గంటల పైన. పాత ఫిల్ము ముక్క ఒక్కటి వాడలేదు. బతికి బయటపడ్డవాళ్ల మాటలు, ఇప్పుడు గడ్డి మొలిచిన ఆ చోట్లు, అంతే. గ్యాస్ చాంబర్ లోపలి ఫిల్ము దొరికినా తగలబెడతానన్నంత పట్టుదల ఆయనది. గొదార్‌ది దానికి పూర్తిగా అడ్డం. వెతికితే ఎక్కడో దొరుకుతుంది, చూపించాల్సిందే అంటాడు. నా ఓటు లాన్జ్‌మన్‌కే.

రీలు_పెట్టె
మా నాన్న ఇరవై ఏళ్లు టూరింగ్ టాకీస్‌లో, తర్వాత పర్మినెంట్ హాల్లో ఆపరేటర్. రీలు తెగితే రెండు కొసలూ బ్లేడుతో గీకి సిమెంటు రాసి అతికించేవాడు. అరిగిపోయి పనికిరాని ముక్కలు కత్తిరించి ఒక రేకు డబ్బాలో వేసేవాడు. సెలవుల్లో ఆ డబ్బా నాకు ఆటసామాను. ఒక ముక్కలో ఎన్టీఆర్ కత్తి ఎత్తితే, దాని కింద దొరికిన ముక్కలో ఇంకేదో సినిమా హీరోయిన్ తల తిప్పి చూసేది. ఎండకి పెట్టి చూస్తే ఆవిడ ఆయన్నే చూసినట్టు ఉండేది. ఇప్పుడు ఈ సినిమా చూస్తుంటే నాకేం తికమక అనిపించలేదు సార్, డబ్బా మూత తీసినట్టే ఉంది. బోద్లేర్ ఎవరో నాకూ తెలియదు.

డల్లాస్_బాబాయ్
ఈ పోస్టుకి పదివేల లైకులు.

సెకండ్‌షో_సుబ్బు
ఆ డబ్బా ఇప్పుడుందా?

రీలు_పెట్టె
లేదు. ఇల్లు మారినప్పుడు పాత ఇనప సామాన్లవాడికి పోయింది.

బెంచీ_టికెట్
మీరంతా సెంటిమెంట్‌లోకి దిగకముందు నాదో డౌటు. నాలుగో జత మొదటి భాగంలో హిచ్‌కాక్ గురించి ఉంటుంది. సినిమాల్లో కథ ఏమిటో, జోన్ ఫాంటెయిన్ ఆ కొండకొమ్మున ఎందుకు నిలబడిందో మర్చిపోయాం గానీ ఒక హ్యాండ్‌బ్యాగు, ఒక పాలగ్లాసు, గాలిమర రెక్కలు, తాళాల గుత్తి మాత్రం గుర్తున్నాయి అంటాడు. ఎంతో గొప్ప మాటని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం తప్పుడు మాట అనిపించింది. పాలగ్లాసు ఎందుకు గుర్తుంది? ‘సస్పిషన్’లో మొగుడు ఆ గ్లాసు పట్టుకుని మెట్లెక్కుతుంటాడు, అందులో విషం ఉందా లేదా అని మన ప్రాణం కొట్టుకుంటుంది, అందుకు. కథ తీసేస్తే అది పాలగ్లాసే, పొద్దున్నే మా ఇంట్లోనూ ఉంటుంది.

ఎడిటింగ్_గది
ఆ గ్లాసులో హిచ్‌కాక్ లైటు పెట్టించాడు, పాలు తెల్లగా వెలగాలని. కాబట్టి మీ ఇంట్లో గ్లాసు, అదీ ఒకటి కాదు :)

బెంచీ_టికెట్
సరే, లైటు పెట్టాడు. కథలో అనుమానం లేకపోతే ఆ లైటు ఎందుకు పెట్టాలి?

నీలి_తెర
బెంచీ, నువ్వు తెలిసి అన్నావో తెలియక అన్నావో గానీ, జాక్ రాన్సియేర్ అనే ఫ్రెంచ్ తత్వవేత్త గొదార్‌ని సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. కథలో భాగమైన వస్తువుని కథలోంచి పెరికి, దేవుడి పటంలా గోడకి తగిలించావంటాడు. హిచ్‌కాక్ చేసిందానికి ఇది సరిగ్గా తలకిందులు.

బెంచీ_టికెట్
తెలియకే అన్నా. ఆయనకి నా తరఫున టీ ఇప్పించండి.

సెకండ్‌షో_సుబ్బు
బెంచీ టికెట్ గాడు ఫిలాసఫర్ అయ్యాడు. ఇక బాల్కనీకి మార్చండ్రా.

గోదారి_గట్టు
మీ వాదన వింటుంటే సినిమా కంటే ఇదే బావుంది. అయినా నా అసలు ప్రశ్న అలాగే ఉంది. సరే, యూరప్ వాళ్ల యుద్ధం, వాళ్ల గాయం, వాళ్ల సినిమా. మనకేంటి? నా కళ్లకి మన దేశం సినిమా ఒక్క ముక్క కూడా కనబడలేదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సినిమాలు తీసే దేశాన్ని వదిలేసి సినిమా చరిత్ర ఏమిటి?

అర్ధరాత్రి_ఆట
వంద శాతం. హాలీవుడ్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, రష్యా. మిగతా ప్రపంచం ఎక్కడో ఒకచోట తళుక్కుమంటే గొప్ప. జపాన్ వాళ్లకీ అంతంతమాత్రమే.

చెరువుకట్ట_నల్గొండ
చాన రోజులుగా చదువుడే తప్ప రాసుడు లేదు, ఇయ్యాల రాయబుద్ధయింది. గట్టు గారు “మనకేంది” అన్నరు. నాకైతే మూడో జత మొదటి భాగం చూసినంక నిద్ర పట్టలే. అందుల ఆయన అడిగే ప్రశ్న ఒకటే. 1940 నుంచి 45 దాకా యూరప్ కాలిపోతుంటే సినిమా ఏం చేసింది? ఎదురునిలిచిన సినిమా ఎక్కడున్నది? రొస్సెలీని ‘రోమ్, ఓపెన్ సిటీ’ తప్ప ఇంకోటి లేదంటడు. ఓడిపోయి, పరువు పోయిన ఇటలీకి ఆ ఒక్క సినిమాతోటి మళ్ల తన మొహం తను చూసుకునే హక్కు వచ్చిందంటడు. ఆ తర్వాత ఇటాలియన్ పాట ఒకటి పెట్టి ఆ సినిమాలన్నీ ఒక్కటొక్కటి చూపిస్తడు.

ఇగ అదే ప్రశ్న మనల్ని మనం అడుగుదాం. తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా. మా తాతలు, అవ్వలు దాంట్ల ఉన్నరు. 1951 అక్టోబర్‌ల పోరాటం ఆగింది. అదే ఏడు తెలుగు తెర మీద ఏమొచ్చినయ్? ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’. రెండూ నాకు ప్రాణం, చెడ్డవని అంటలేను. గని ఊళ్లల్ల జనం చస్తుంటే మన సినిమా కెమెరా ఎక్కడున్నది? మద్రాస్‌ల సెట్టు లోపల మాంత్రికుని గుహల ఉన్నది. ‘మా భూమి’ రావడానికి దగ్గర దగ్గర ముప్పై ఏండ్లు పట్టింది. అది గూడ తీసింది బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్.

నీలి_తెర
...

డల్లాస్_బాబాయ్
ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. పోస్టు మళ్లీ చదివాను.

కోర్టు_వాయిదా
ఒక్క నిమిషం, అంత ఏకపక్షంగా వద్దు. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీశాడు. రైతుబిడ్డ జమీందారీకి ఎదురుగా తీసిన సినిమా, జమీందార్లు అడ్డుపడ్డారు కూడా. కాబట్టి తెలుగు సినిమా మొదటి నుంచీ కళ్లు మూసుకుందనడం తప్పు. మూసుకోమని గట్టిగా చెప్పారు, అదీ లెక్కలో వేయాలి. నిజాం రాజ్యంలో కెమెరా పట్టుకుని ఊళ్లలోకి వెళ్లి పోరాటం తీస్తానంటే ఎవరు తీయనిస్తారు? మద్రాసులో స్టూడియో, ఫైనాన్సు, సెన్సారు. తీయనివ్వకపోవడం వేరు, తీయకపోవడం వేరు.

చెరువుకట్ట_నల్గొండ
మేడమ్, రోమ్‌ల జర్మన్ సైన్యం పోయి ఏడాది కాకముందే, ఫిల్ము దొరకని రోజులల్ల రొస్సెలీని తీసిండు. ఆయనకు ఎవరు పర్మిషన్ ఇచ్చిన్రు?

కోర్టు_వాయిదా
సైన్యం పోయాక తీశాడు కదా, నేననేదీ అదే. ఇక్కడ 1948లో నిజాం పోయాడు, పోరాటం పోలేదు. ఈసారి ఎదురుగా ఉన్నది మన సొంత ప్రభుత్వం.

అర్ధరాత్రి_ఆట
రొస్సెలీని అంతకు ముందు ముస్సోలినీ కాలంలోనూ యుద్ధం సినిమాలు తీశాడు, అదీ చెప్పుకోవాలి. గొదార్ చెప్పడు.

చెరువుకట్ట_నల్గొండ
చెప్పకపోతే మనం చెప్దాం. గని నా ప్రశ్న పోదు.

గోదారి_గట్టు
చెరువుకట్ట గారూ, ఈ పోస్టుని వీడియోగా చేయండి. పాతాళభైరవి ముక్కలు, మా భూమి ముక్కలు, మీ గొంతు. ఇరవై నిమిషాలు చాలు.

సెకండ్‌షో_సుబ్బు
అప్‌లోడ్ చేసిన ఇరవై నిమిషాల్లో యూట్యూబ్ కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది. బ్యాలెన్స్ అయిపోయింది.

ఎడిటింగ్_గది
నవ్వకండి, నాకు పడింది. పాత తెలుగు సినిమాల్లో వాన ఎలా తీశారో చెబుతూ ఒక వీడియో చేశాను. పాట ఎక్కడా మొత్తం వాడలేదు, నా గొంతు కింద చిన్నగా వినబడుతుంది, అంతే. ఒక సంగీత కంపెనీ క్లెయిమ్ పెట్టింది. అభ్యంతరం పంపితే వాళ్ల దగ్గరికే వెళ్లింది, వాళ్లే కాదన్నారు. దొంగ, జడ్జి ఒకడే. గొదార్ అయితే చాలా ముక్కలకి ఎవర్నీ అడగలేదు, ఉటంకింపు నా హక్కు అన్నాడు. వెనక గోమోన్ లాంటి పెద్ద కంపెనీ ఉంది. నా వెనక మా ఆవిడ ఉంది, ఆవిడ కూడా వద్దంది.

నీలి_తెర
😂 2010లో మ్యూజిక్ ఫైళ్లు డౌన్‌లోడ్ చేశాడని ఫ్రాన్స్‌లో ఒకతనికి జరిమానా వేస్తే, గొదార్ వెయ్యి యూరోలు పంపాడు. రచయితకి హక్కులు లేవు, బాధ్యతలే ఉన్నాయని ఆయన వాదన.

కోర్టు_వాయిదా
ఇది నా ఏరియా కాబట్టి కాస్త పొడుగ్గా. మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది. విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకుంటే ఉల్లంఘన కాదు. గది గారి వాన వీడియో చాలావరకు దాని కిందికే వస్తుంది. కానీ యూట్యూబ్ మెషీన్‌కి మన పార్లమెంటు చట్టం తెలియదు, దానికి తెలిసింది శబ్దం కలిసిందా లేదా అనేదే.

రెండోది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మన దేశంలో సినిమా మీద కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి అరవై ఏళ్లు. ‘పాతాళభైరవి’ 1951, కాబట్టి 2011తో అయిపోయింది. ‘మాయాబజార్’ 1957, 2017 డిసెంబర్‌తో అయిపోయింది. అయితే ఎగిరి గంతేయకండి. సినిమా హక్కు వేరు, అందులోని పాట సాహిత్యం హక్కు వేరు. రాసినవాళ్లు పోయాక అరవై ఏళ్లు ఉంటుంది. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, అంటే ఆయన సాహిత్యం మీద 2031 దాకా. రంగులేసిన మాయాబజార్ 2010లో వచ్చింది, దాన్ని అసలు ముట్టుకోవద్దు, నలుపు తెలుపుదే తీసుకోండి. ‘మా భూమి’కి ఇంకా టైముంది, అక్కడ సెక్షన్ 52 మీద ఆధారపడాల్సిందే. ఇది ఫీజు తీసుకుని ఇచ్చిన సలహా కాదు, కోర్టులో నా పేరు చెప్పకండి.

సెకండ్‌షో_సుబ్బు
“అహ నా పెళ్లియంట” సాహిత్యం 2032లో ఫ్రీ. ముహూర్తం పెట్టుకోండి.

రీలు_పెట్టె
హక్కుల సంగతి తర్వాత. అసలు ముక్కలేవి? రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాష్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’, 1921ది, లేదు. మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’, 1932 ఫిబ్రవరిలో విడుదలైంది, అదీ లేదు. నైట్రేట్ ఫిల్ములో వెండి ఉంటుంది కాబట్టి ఆడటం అయిపోయాక రీళ్లు కరిగించి వెండి తీసుకునేవాళ్లు. ఆపరేటర్ల మధ్య ఈ మాట బాగా వినబడేది. పుణెలో ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అప్పటికి పోయినవి పోయాయి. 2003లో అక్కడ మంటలు లేచి దాచినవాటిలో కొన్ని కాలిపోయాయి. గొదార్‌కి సినిమాతెక్ ఉంది, ఇంటి నిండా క్యాసెట్లున్నాయి. మనవాడెవడైనా ఇలాంటిది తీస్తే సగం సేపు నల్ల తెర వేయాలి.

ఎడిటింగ్_గది
వేయండి. గొదార్ కూడా బోలెడుసార్లు నల్ల తెర వేశాడు. దాని మీద శబ్దం మాత్రం వేశాడు.

చెరువుకట్ట_నల్గొండ
భీష్మ ప్రతిజ్ఞకు శబ్దం గూడ లేదు కద అన్నా, మూకీ.

బెంచీ_టికెట్
నాదొక ఐడియా, దొబ్బేయొద్దు. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె ఉంది కదా. తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అది కనబడుతుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని, శశిరేఖకి అభిమన్యుడు. సినిమా లోపల సినిమా హాలు అది. గొదార్‌కి ఈ సినిమా చూపించి ఉంటే ఎనిమిది భాగాలు అక్కర్లేకపోయేది. ఆ పెట్టె మూత తీసి, ఒక్కొక్కసారి ఒక్కొక్క సినిమా ముక్క పెట్టుకుంటూ పోతే చాలు. కథలోని వస్తువే, పెరికినట్టూ ఉండదు.

నీలి_తెర
ఇది దొబ్బేస్తా, సారీ.

అర్ధరాత్రి_ఆట
బెంచీ, ఒప్పుకున్నా. చెరువుకట్ట అన్న పోస్టుకి కూడా ఇదే కలపండి. శశిరేఖ మూత తీస్తుంది, లోపల మా భూమి ఊరేగింపు.

చెరువుకట్ట_నల్గొండ
వద్దు. అది మళ్ల గొదార్ చేసిన పనే. శవాల పక్కన అందాల నవ్వు పెడితే నవ్వే గెలుస్తది, ఎప్పుడైనా. నా వీడియోల పాటలుండయ్, పెట్టె ఉండది. చూద్దాం, సంక్రాంతి సెలవులల్ల కూసుంట.

గోదారి_గట్టు
మీరంతా చెప్పాక మూడో జత మొదటిది చూశాను. 27 నిమిషాలే కాబట్టి ప్రాణం మీదికి రాలేదు. ఇటాలియన్ పాట వచ్చే చోట నిజంగా కదిలింది, సావిత్రి గారి సినిమాలు గుర్తొచ్చాయి, ఎందుకో చెప్పలేను. కానీ ఆ గొణుగుడు మాత్రం నాకు ఇప్పటికీ ఎక్కదు. ఏమంటున్నాడో తెలియనిచ్చే ఉద్దేశం లేనప్పుడు నోరెందుకు తెరవాలి? మొదటి రెండు భాగాల జోలికి మళ్లీ పోను.

నీలి_తెర
న్యాయమే. కొత్తగా చూసేవాళ్లు మొదటి రెండూ వదిలేసి 2ఏ నుంచి చూస్తే మంచిది. అందులో సెర్జ్ దానే అనే విమర్శకుడితో ముఖాముఖి కూర్చుని మాట్లాడతాడు, మాట తెలుస్తుంది. పోంస్లే అని నెపోలియన్ సైన్యంలో ఆఫీసరు, రష్యాలో ఖైదీగా ఉంటూ జామెట్రీలో ప్రొజెక్షన్ సిద్ధాంతం కట్టుకున్న కథ కూడా అందులోనే ఉంది. జైలు గోడ మీద మొదటి సినిమా వేసుకున్నట్టు చెబుతాడు. తర్వాత 3ఏ, 4ఏ. ఇష్టమైతే వెనక్కి వెళ్లండి.

డల్లాస్_బాబాయ్
4ఏలో హిచ్‌కాక్ ముక్క వరకైనా తెలుగు సబ్‌టైటిల్స్ ఎవరైనా వేస్తే మా వాడికి చూపిస్తా. ఇంగ్లీష్‌వి పరుగెడుతున్నాయి.

ఎడిటింగ్_గది
టైమింగ్ నేను చూసుకుంటా. ఫ్రెంచ్ వచ్చినవాళ్లు కావాలి. తెర మీద పడే అక్షరాలు కూడా తెలుగులో వేయాలా, గొంతు ఒక్కటే చాలా?

అర్ధరాత్రి_ఆట
రెండూ వేస్తే బొమ్మ కనబడదు. గొంతు చాలు.

నీలి_తెర
నాకు ఫ్రెంచ్ ఓ మాదిరిగా వచ్చు, ఆ ఐదారు నిమిషాలకి సరిపోతుంది. అక్షరాలు మాత్రం వదలకూడదు. సగం సినిమా వాటిలోనే ఉంది. పైన ఒక లైను, కింద ఒక లైను.

సెకండ్‌షో_సుబ్బు
మధ్యలో చిన్న కిటికీ పెట్టండి, గొదార్ కనబడటానికి.